నాలుగేళ్ల బాబు తొడలు పట్టుకుని లేస్తున్నాడు, ముందు ఏ పరీక్ష?

నెల్లూరు_అమ్మ: బాబు కింద కూర్చుంటే ఒకపట్టాన లేవలేడు. బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ పైకొస్తాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. మా అత్తయ్యగారు "పహిల్వాన్ కాళ్లు" అని మురిసిపోతారు. మొన్న జ్వరానికి చేసిన టెస్టుల్లో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఎక్కువున్నాయని లివర్ సిరప్ రాశారు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

బుజ్జిగాడి_నాన్న: ఉండొచ్చండి. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. లివర్‌ని చూపించే ఇంకో ఎంజైము జీజీటీ నార్మల్‌గా ఉంటే కండరం సంగతి చూడమని అడగండి. సీపీకే అని, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైముని కొలిచే మామూలు రక్తపరీక్షే. డుషెన్ (కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో వేలల్లో వస్తుంది. కండకి ఇంజెక్షన్ చేసినా, కండరాల కరెంటు చూసే ఈఎంజీ పరీక్షకి సూదులు గుచ్చినా కొంత పెరుగుతుంది, అందుకే వాటికి ముందే రక్తం ఇవ్వండి. ఎక్కువొస్తే ఎంఎల్‌పీఏ అని, జీన్‌లో ముక్కలు తప్పిపోయాయేమో చూసే టెస్ట్. మావాడికి కండరం ముక్క తీయాల్సిన పనే పడలేదు.

గోదారి_పిల్ల: సీపీకే నార్మల్ అనగానే హమ్మయ్య అనుకోకండి. మా పాపకి అది నార్మలే. మూడో నెలలో చంకల కింద చేతులేసి ఎత్తితే జారిపోయేది. చేతులు పట్టి లేపితే తల వెనక్కి వేలాడేది. పలకరిస్తే మాత్రం చక్కగా నవ్వేది, దాంతో ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరుగారు మోకాలి మీద సుత్తితో తట్టారు, కాలు కదల్లేదు. టార్చి వేసి చూస్తే నాలుక అంచులు సన్నగా వణుకుతున్నాయి. ఎస్‌ఎంఎన్1 జీన్ పరీక్షలో ఎస్‌ఎంఏ (వెన్నుపాములో కండరాల్ని కదిలించే నరకణాలు పాడయ్యే జన్యు జబ్బు) అని తేలింది. మాది మేనరికం. కానీ బయట సంబంధాల్లోనూ వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లైతే (జబ్బు లేకుండా ఆ జీన్ లోపం మోస్తుంటే) ప్రతి కాన్పుకీ నాలుగో వంతు ఛాన్స్.

ఖమ్మం_ఫిజియో: నిన్నటిదాకా పరిగెత్తిన పిల్లలకి రెండు మూడు రోజుల్లో కాళ్లు చచ్చుబడితే ఈ టెస్టుల వరుస చూస్తూ కూర్చోకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి. జీబీఎస్ (గులియన్-బారే, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు) అయితే ఊపిరి కండరాలకీ పాకొచ్చు. 15 ఏళ్ల లోపు వాళ్లయితే పోలియో నిఘా కింద మలం శాంపిళ్లు రెండు తీసుకుంటారు, కంగారు పడొద్దు.

నెల్లూరు_అమ్మ: సీపీకే 14 వేలు దాటింది. జీజీటీ నార్మల్. సిరప్ ఆపమన్నారు, జీన్ టెస్టుకి రక్తం ఇచ్చాం. నాకిప్పుడు రెండో నెల, అదే టెన్షన్.

బుజ్జిగాడి_నాన్న: ఆ మాట ఇవాళే జెనెటిక్స్ డాక్టరుకి చెప్పండమ్మా. బాబు జీన్‌లో మార్పేమిటో తెలిస్తే అదే మీలో ఉందో లేదో చూస్తారు. ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి శాంపిల్ తీసి పరీక్షించొచ్చు. రిపోర్టు ఆలోపు రావాలి, ల్యాబుకి అర్జెంట్ అని రాయించండి.