అప్‌డేట్: షుగర్ మందు వల్ల నాన్నగారి ఎల్‌డీఎల్ పెరిగిందా అని అడిగాను కదా

మూడు నెలల కిందట అడిగింది ఇదీ: షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌కి తోడుగా ఎంపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మందు మొదలుపెట్టాక నాన్నగారి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 98 నుంచి 106కి వెళ్లింది, మందు ఆపేయాలా అని. అప్పుడు నిజంగా చాలా టెన్షన్ పడ్డాను.

ఆపలేదు. డాక్టర్‌గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, ఎల్‌డీఎల్ మీద కాకుండా ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) మీద వేలు పెట్టారు. 310 ఉన్నవి 172 అయ్యాయి. నేను ఆ లైనే చూడలేదు!

ఆయన చెప్పింది: ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, లివర్ దాన్ని ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చి మళ్లీ రక్తంలోకే వదులుతుంది. వాటిని రక్తంలోంచి తీసేసే ఎంజైమ్ కూడా మందగిస్తుంది. అందుకే షుగర్ అదుపులోకి వస్తే ముందు తగ్గేవి అవే. ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులతో ఎల్‌డీఎల్ కొద్దిగా పెరగడం తెలిసిన విషయమేనట, అయినా గుండె ఫెయిల్యూర్ ముప్పును ఇవి తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఎల్‌డీఎల్‌ని కాస్త తగ్గిస్తుంది కానీ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) చేసే పని చేయలేదు.

అందుకని అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 20 మి.గ్రా. మొదలుపెట్టారు. మొన్నటి రిపోర్టులో ఎల్‌డీఎల్ 64. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) కూడా 9.4 నుంచి 7.1కి దిగింది.

నాన్నగారు ఆ 64 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, కాగితాన్ని మందుల డబ్బా మూతకి అంటించుకున్నారు.