పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ వణుకుడు, వేడెక్కాక మామూలే

ప్రశ్న: 4 సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. రాత్రంతా ఆగాక స్టార్ట్ చేస్తే నిమిషం పాటు వణుకుతుంది. చెక్ ఇంజన్ లైట్ లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు 1: స్పార్క్ ప్లగ్‌ల నుంచి. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరవదు, అందుకే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్కువ పోస్తుంది. అరిగిన ప్లగ్ దాన్ని అంటించలేక మిస్ కొడుతుంది, అంటే ఆ సిలిండర్‌లో పెట్రోల్ మండదు. ప్లగ్‌లు ఇంజన్ చల్లారాకే విప్పండి, లేదంటే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి. ప్లగ్ కొన దగ్గరి గ్యాప్ మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి, చాలావాటికి 0.7 నుంచి 1.1 మి.మీ. ఒక్క ప్లగ్గే తడిగా ఉంటే దానికి కరెంటిచ్చే కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్ కూడా అటే వెళ్తే కాయిల్ పోయినట్టే.

జవాబు 2: ప్లగ్‌లు బాగుంటే స్కానర్ (ఈసీయూ రీడింగులు చూపే పరికరం) పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), బయటి గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటే చూపాలి. బాగా తేడా ఉంటే సెన్సర్ తప్పు చెబుతోంది. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి కూడా చూడండి.

జవాబు 3: కూలెంట్ తగ్గుతోందా? తగ్గుతూ, పొగ తెల్లగా, ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీల్) పోయిందని అనుమానించాలి. బండి నడపడం ఆపండి. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్‌లు పోయినట్టయితే సాధారణంగా వేడెక్కాక కూడా వణుకు పోదు.