గెలిస్తే 15, ఓడితే 23: వాలరెంట్‌లో ఈ లెక్కేంటి?

బెజవాడ_జెట్:
ఈ షూటింగ్ గేమ్‌లో గోల్డ్ 2 ర్యాంకులో ఇరుక్కుపోయాను. గెలిస్తే 15 ఆర్‌ఆర్ (ర్యాంకు పాయింట్లు) వస్తోంది, ఓడితే 23 పోతోంది. మా బామ్మర్దిదీ గోల్డ్ 2నే. నిన్న ఇద్దరం ఒకే టీమ్‌లో ఆడి గెలిచాం, వాడికి 25 వచ్చింది! కిల్స్ నాకన్నా రెండే ఎక్కువ. సగం మ్యాచ్‌లు గెలుస్తున్నా ర్యాంకు మాత్రం కిందికే జారుతోంది. ఎంఎంఆర్ అని మన సత్తా కొలిచే, కనపడని నంబరు ఒకటుంటుందట, అదెక్కడ చూడాలి? కొత్త అకౌంట్ తెరిస్తే నయమా?

స్పైక్_సుబ్బడు:
చూడలేవు బ్రో. బయటి ట్రాకర్ సైట్లలో కనిపించేది వాళ్ల అంచనా, అంతే.

గుర్రం_ఎఫ్3:
నేను హన్మకొండలో పిల్లలకు చెస్ నేర్పిస్తాను, రాత్రి పదింటి తర్వాత వాలరెంట్. అందుకే ముందు చెస్ లెక్క చెప్తా.

ఆటగాడి బలాన్ని అంకెలో చెప్పే ఈలో రేటింగ్‌లో నీకన్నా 200 పాయింట్లు తక్కువున్న వాడితో ఆడితే, నీకు 76 శాతం ఫలితం రావాలని ముందే లెక్క కట్టి ఉంటుంది. ఒక్క గేముకి రేటింగ్ ఎంత మారొచ్చో చెప్పే కె ఫ్యాక్టర్ 20 అయితే గెలిచినప్పుడు సుమారు 5 వస్తాయి, ఓడితే 15 పోతాయి. 2024 డిసెంబరు చెస్ రేటింగ్ లిస్టులో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2801కి చేరాడు. అందులో ప్రతి పాయింటూ ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు.

నీ 15, 23 చూసి ఇదీ అదే కథ అనుకుంటారు చాలామంది. కాదు తమ్ముడూ. మీ ఇద్దరికీ ఎదురు టీమ్ ఒకటే కదా! తేడా ప్రత్యర్థుల వల్ల వచ్చింది కాదు. ఈ ర్యాంకుల్లో సొంత ఆటకూ కొంత విలువుంది కానీ, రెండు కిల్స్‌కి పది ఆర్‌ఆర్ తేడా రాదు.

అసలు సంగతేంటంటే, మ్యాచ్ కుదిర్చేది ఎంఎంఆర్. తెర మీది ర్యాంకు దాని వెనకాలే నడుస్తుంది. ఎంఎంఆర్ ర్యాంకు కన్నా కిందుంటే గెలుపుకి తక్కువ ఇచ్చి, ఓటమికి ఎక్కువ కోస్తుంది. పైనుంటే రివర్స్. అంటే నీది గోల్డ్ 2 కన్నా కిందుంది, మీవాడిది పైనుంది. ఆ ప్లస్ మైనస్‌లే చెప్పేస్తున్నాయి, ఇంకే సైటూ అక్కర్లేదు.

ఒక అనుమానం. ర్యాంకు అట్టడుగున, 0 ఆర్‌ఆర్ దగ్గర ఎక్కువగా ఊగిసలాడావా? 8 ఉన్నప్పుడు ఓడితే ఆ 8 మాత్రమే పోయి 0 దగ్గర ఆగుతుంది. ఎంఎంఆర్ మాత్రం అక్కడ ఆగదు, దిగాల్సినంతా దిగుతుంది.

బెజవాడ_జెట్:
అన్నా, జాతకం చెప్పినట్టే చెప్పావ్. పోయిన నెలంతా అక్కడే వేలాడాను. మరి ఆ నంబరు దాచడం దేనికి, చూపిస్తే వాళ్లకేం పోయింది?

మిడ్‌లేన్_మావయ్య:
నేనాడే ఇంకో గేమ్ డోటా 2లో మన ఎంఎంఆర్ మనకి చూపిస్తారు. 2023 ఏప్రిల్ అప్‌డేట్‌తో గ్లికో అనే రేటింగ్ పద్ధతికి మారాక, నీ రేటింగ్ మీద సిస్టమ్‌కి ఎంత నమ్మకముందో కూడా శాతంలో కనిపిస్తుంది. చాలా రోజులు ఆడకపోతే ఆ నమ్మకం తగ్గి, వచ్చినా పోయినా పెద్ద అంకెలే. చూపించినంత మాత్రాన తిట్లేం తగ్గలేదులే, చాట్‌లో ఎదుటివాడి ర్యాంకు పట్టుకుని మరీ తిడతారు.

గుర్రం_ఎఫ్3:
హహ, అదీ నిజమే. నా ఓటు మాత్రం చూపించడానికే.

కొత్త అకౌంట్ సంగతి: ర్యాంకు మ్యాచ్‌లు తెరుచుకోవాలంటేనే అకౌంట్ లెవెల్ 20 కావాలి. మొదట్లో నీ గురించి సిస్టమ్‌కి ఏమీ తెలీదు కాబట్టి అంకెలు గట్టిగా ఊగుతాయి, భలే ఉందనిపిస్తుంది. ఆడేది అదే చెయ్యి కాబట్టి కొన్నాళ్లకి ఇక్కడికే వచ్చి ఆగుతావు. ఉన్నదాంట్లోనే ఆడు. ఓటముల కన్నా గెలుపులు ఎక్కువైతే ముందు ఎంఎంఆర్ లేస్తుంది. ఆ 15 కాస్తా 18, 19 అవుతోందా అన్నది చూసుకో, ర్యాంకు బ్యాడ్జీ సంగతి తర్వాత. మీ బామ్మర్దికి మాత్రం తనది పైనుందని చెప్పకు, పండక్కొచ్చినప్పుడు తట్టుకోలేవు.