బ్యాలెట్ అనే మాట నిజంగా బంతి నుండి వచ్చిందా?

ప్రశ్న (దేవరకొండ నుండి):
పంచాయతీ ఎన్నికల విధుల శిక్షణలో ఒక తోటి ఉపాధ్యాయుడు, బ్యాలెట్ అంటే ఇటాలియన్‌లో చిన్న బంతి అని చెప్పారు. కాగితానికీ బంతికీ పొత్తు ఎక్కడ కుదిరిందో నాకు అంతుపట్టలేదు. అక్కడ నాట్యాన్ని 'బల్లో' అంటారట. అదీ ఈ కుదురులోనిదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుండి):
ఆయన చెప్పింది నిజమేనండి. ఇటాలియన్‌లో బంతిని 'పల్లా' అంటారు. ఇది 568లో ఇటలీలోకి వచ్చిన లాంగోబార్డుల జర్మానిక్ భాష నుండి చేరిందని నిఘంటుకారుల అభిప్రాయం కాబట్టి, ఇంగ్లీషు 'బాల్' దీనికి దాయాది అవుతుంది. పెద్దదైతే 'పల్లోనె', అంటే ఫుట్‌బాల్; మనం బుగ్గ అనే బెలూన్ పేరు కూడా ఆ వరుసలోదే. చిన్నదైతే 'పల్లొత్తా', వెనీస్ యాసలో 'బల్లొత్తా'. ఆ నగరపు మహాసభలో సభ్యులు ఓటును బంతి రూపంలో, అవునుకూ కాదుకూ వేరువేరుగా ఉన్న పాత్రల్లో ఒకదానిలో వేసేవారు. ఎటు పడిందో చప్పుడును బట్టి పక్కవారు పసిగట్టకుండా గుడ్డ బంతులు వాడేవారు. బంతులు పోయి కాగితాలు వచ్చినా పేరు మాత్రం నిలిచిపోయింది. తుపాకి గుండును వాళ్లు 'పల్లొత్తొలా' అంటారు. మన 'గుండు' కూడా అలాగే గుండ్రని రాయికీ తూటాకూ చెల్లుతుంది కదా!

జవాబు (నల్గొండ నుండి):
'బల్లో' వేరు కుదురు. అది నాట్యమాడటమనే అర్థమున్న లాటిన్ క్రియ 'బల్లారే' నుండి వచ్చింది. మనం ఆడే బంతికీ, పెండ్లిలో కూర్చునే బంతికీ చుట్టరికం లేనట్టే ఇదీను. రెండోది 'పంక్తి' నుండి వచ్చింది.

కాగితం సంగతి ఎత్తారు కనుక ఒక మాట. 1952 ఎన్నికల్లో మన దేశంలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా పెట్టారు. కాగితం మీద ముద్ర వేయనక్కరలేదు, ఏ డబ్బాలో వేశామన్నదే ఓటు. అది వెనీస్ బంతికి ఎంత దగ్గరో చూడండి. 1996లో మాత్రం ఫ్లోరైడ్ నీళ్ల గోస చాటడానికి నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. మా నాయన వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి గుర్తు వెతుక్కున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. 480 బంతులైతే ఏ కుండలో పట్టేవో!