స్థాపకుడి అహంకారాన్ని లోపల పనిచేసేవాళ్లు ఎలా గుర్తించాలి?

బెజవాడ ఉద్యోగి:
గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారులకు లెక్కల యాప్ అందించే ఒక స్టార్టప్‌లో, విజయవాడ కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా స్థాపకుడు తెలివైనవారు, కష్టపడే మనిషి. కానీ సీజన్ రద్దీలో టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు యాప్‌లో తప్పుగా నమోదవుతున్నాయని, యార్డుకు వెళ్లి చూసివచ్చిన సహోద్యోగి చెప్పినప్పుడు, "నీకు వ్యాపారం తెలియదు" అని అందరి ముందూ ఆ సహోద్యోగి నోరు మూయించారు. అప్పటి నుంచి సమావేశాల్లో ఎవరూ మాట్లాడడం లేదు. ఇది పట్టుదలా, అహంకారమా?

లక్ష్మీపురం, గుంటూరు:
నా దృష్టిలో ఇది అహంకారమే. పట్టుదల ఉన్నవారు తూకాలు సరిచూడమంటారు. అహంకారి చెప్పినవాడి అర్హతను ప్రశ్నిస్తారు. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ 2003లో స్థాపించిన థెరానోస్, కొద్ది రక్తపు చుక్కలతో ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పి దాదాపు 900 కోట్ల డాలర్ల విలువకు ఎదిగింది. పరీక్షల నాణ్యతపై సందేహాలు రాసి 2014లో టైలర్ షుల్ట్జ్ అనే యువ ఉద్యోగి నేరుగా హోమ్స్‌కు ఈమెయిల్ పంపితే, జవాబు ఆమె సహచరుడు బల్వానీ నుంచి, అతని పరిజ్ఞానాన్ని కించపరుస్తూ వచ్చింది. లోపల వినని మాట 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వచ్చింది. 2018లో సంస్థ మూతపడింది.

పటమట ఆడిటర్:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి: స్వభావం ఒక్కటే సంస్థను కూల్చదు, దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేకపోవడం కూల్చుతుంది. 2017లో ఉబర్ పని వాతావరణంపై తీవ్రమైన ఆరోపణలు వచ్చాక, పెట్టుబడిదారుల ఒత్తిడితో దాని సహ స్థాపకుడు ట్రావిస్ కలానిక్ సీఈఓ పదవి వదులుకున్నారు, సంస్థ నిలిచింది. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్‌లో సహ స్థాపకుడు ఆడమ్ న్యూమన్ చేతిలో ఒక్కో షేరుకు 20 ఓట్లు ఉండేవి. "వీ" (We) అనే పేరు హక్కుల కోసం తన నియంత్రణలోని మరో సంస్థకు 59 లక్షల డాలర్లు ఇప్పించుకుని, విమర్శలొచ్చాక తిరిగిచ్చారు. 2019లో ఆయన తప్పుకున్నా కోలుకోలేక, ఆ సంస్థ 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో 2023 జూన్‌లో ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ ఆడిటర్‌గా డెలాయిట్, బోర్డు నుంచి ముగ్గురు పెట్టుబడిదారుల ప్రతినిధులు వైదొలిగారు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే, ఇలాంటి హెచ్చరికలు ఉన్నాయేమో తెలుసుకోవడానికి డైరెక్టర్లు, ఆడిటర్ల మార్పుల పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్ది రుసుముతో చూడవచ్చు. కుటుంబ సభ్యులు తప్ప బోర్డులో ఎవరైనా ఉన్నారా?

బెజవాడ ఉద్యోగి:
ఒక పెట్టుబడిదారు ఉన్నారండి. తూకాల తేడాలను యార్డు రసీదులతో సహా రాతపూర్వకంగా ముందు స్థాపకుడికి, ఆయన స్పందించకపోతే ఆ పెట్టుబడిదారుకు పంపాలని నేనూ సహోద్యోగీ నిర్ణయించుకున్నాం. ఆ తేడాలతో నష్టపోతున్నది పంట తెచ్చిన రైతు.