అప్‌డేట్: ముడతలకు లేజర్ చేయించుకున్నాను

కళ్ల పక్కన, పై పెదవి మీద ముడతలకు లేజర్ చేయించుకోవచ్చా, నా చామనఛాయకు మచ్చలు పడతాయా అని ఆమధ్య అడిగాను కదా. చేయించుకున్నాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

డాక్టర్ ఫ్రాక్షనల్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ ఎంచుకున్నారు. అది చర్మమంతా కాల్చదు, సన్నటి చుక్కలుగా పడుతుంది. మధ్యలో మిగిలిన మంచి చర్మం వల్ల గాయం త్వరగా మానుతుంది. నాకు పెదవి మీద పొక్కులు వచ్చే అలవాటు ఉందని చెబితే ముందే యాంటీవైరల్ మాత్రలు ఇచ్చారు. మీకూ ఉంటే తప్పకుండా చెప్పండి. లేజర్ తర్వాత ఆ పొక్కులు తెప్పించే వైరస్ మళ్లీ విజృంభిస్తే మచ్చలు మిగలొచ్చు.

మొదటి రెండు మూడు రోజులు నిజంగా కష్టం. ఒకటే మంట, పొద్దున లేచేసరికి కళ్లు సగమే తెరుచుకునేంత వాపు. పసుపుపచ్చ నీరు కారి, ఆరి, గరుకుగా గోధుమరంగు పెచ్చులు కట్టింది. చేయి ఊరుకోదు, కానీ గిల్లకూడదు. పెట్రోలియం జెల్లీ రాస్తూ తడి ఆరనివ్వకుండా చూసుకున్నాను. వారం దాటాక పెచ్చులు రాలాయి, ఎరుపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

భయపడ్డట్టే పై పెదవి దగ్గర కాస్త నలుపు తేలింది. చాలా టెన్షన్ పడ్డాను. డాక్టర్ ఇచ్చిన క్రీమ్, రంగు కలిసిన సన్‌స్క్రీన్, టోపీతో మెల్లగా తగ్గుతోంది.

కళ్ల పక్కన సన్నగీతలు దాదాపు కనిపించట్లేదు. పెదవి పైన లోతు గీతలు తగ్గాయి గానీ పోలేదు. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ కొత్తగా ఏర్పడటానికి నెలలు పడుతుందట, అందుకే రెండోసారి సంగతి ఇప్పుడే ఆలోచించట్లేదు.