ప్రార్థనకు జవాబు రాని ఇంట్లో నిరీక్షణను గురించి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: స్త్రీల సమాజ సభ్యురాలు, ప్రకాశం జిల్లా

ప్రభువు నామమున అందరికీ వందనములు. మా గ్రామ సంఘంలో ఒక సహోదరి భర్త మూత్రపిండాల వ్యాధితో చాలాకాలం బాధపడి, డయాలసిస్ చేయిస్తుండగానే కన్నుమూశాడు. ఆయన కోసం సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. ఆ ఇంటికి వచ్చి ప్రార్థించినవారిలో కొందరు తమకు దర్శనం కలిగిందనీ, ఆయన తప్పక లేచి నడుస్తాడనీ ధైర్యంగా చెప్పి వెళ్లారు. భూస్థాపన అయ్యాక వారిలో ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆమె ఆదివారం ఆరాధనకు రావడం మానుకుంది. దేవుణ్ణి మాత్రం విడిచిపెట్టలేదు. రోజూ రాత్రి పిల్లవాడిని కూర్చోబెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. "సాక్ష్యాలు చెప్పే సమయంలో అక్కడ కూర్చోలేకపోతున్నాను అక్కా. అందరికీ జరిగిన మేలు మనకెందుకు జరగలేదని బాబు అడుగుతున్నాడు" అని నాతో అంది.

వచ్చే నెల స్త్రీల కూడికలో నిరీక్షణను గురించి నేను వాక్యం చెప్పాలి. రమ్మని పిలిస్తే వస్తానంది. దేవుడు చేయని వాగ్దానాన్ని ఆయన పేరు మీద చేయకుండా, అలాగని నిరీక్షణను పలుచన చేయకుండా ఏమి చెప్పవచ్చో పెద్దలు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: సండేస్కూల్ బోధకుడు, గుంటూరు

సహోదరీ, ముందుగా 88వ కీర్తన చదవండి. విలాపంతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతి వైపు తిరుగుతాయి గాని, ఇది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ఆగిపోతుంది. అయినా ఆ భక్తుడు మొదటి వచనంలోనే దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలిచాడు, పగలూ రాత్రీ ఆయనకే మొరపెట్టాడు. మీ సహోదరి రాత్రివేళ చేస్తున్న ప్రార్థన ఆ కోవకు చెందినదే. ఆమె విశ్వాసం సన్నగిల్లిందని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి.

వాక్యానికి యిర్మీయా 32వ అధ్యాయం తీసుకోమని నా సలహా. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. పట్టణం కూలిపోతుందని చెప్పిన నేరానికి ప్రవక్త బందీగా ఉన్నాడు. అలాంటి సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. రేపోమాపో శత్రువు పాలయ్యే భూమి అది. యిర్మీయా పదియేడు తులముల వెండి తూచి ఇచ్చి, పత్రం రాసి ముద్రవేసి, సాక్షులను పిలిపించి, ఆ పత్రాలు చాలాకాలం ఉండేలా మట్టికుండలో దాచమని తన లేఖికుడు బారూకుతో చెప్పాడు. పొలం రాయించుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి, ఈ వివరాలను మీరు తొందరపడకుండా ఒక్కొక్కటిగా చెప్పండి, వారికి బాగా అందుతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ తరువాతి ప్రార్థన. పత్రం బారూకు చేతికి ఇచ్చేశాక గాని ఆయన నోరు తెరవలేదు: పట్టణం కల్దీయుల (బబులోనువారి) వశమవుతుండగా నన్ను పొలం కొనుక్కోమన్నావు గదా అన్నాడు. అంటే చెప్పిన పని చేశాడు గాని, అది ఎందుకో ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. ఈ దేశంలో మరల పొలాలు కొంటారన్న జవాబు వచ్చింది. అయితే ఆ పొలంలో ఆయన పంట పండించుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. చివరకు ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు.

జవాబు: గ్రామ సంఘ కాపరి

పై మాటలను గౌరవిస్తూనే ఒక సందేహం తెలియజేస్తున్నాను. విశ్వాసముతో చేసిన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది, స్వస్థత పొందినవారు చెప్పే సాక్ష్యాలూ నిజమే. విలాపానికి ఇంత చోటు ఇస్తే, కొత్తగా ప్రభువును నమ్ముకున్నవారు తొట్రిల్లే ప్రమాదం లేదా?

జవాబు: చరిత్ర పాఠకుడు, ఒంగోలు

అయ్యగారూ, యాకోబు అదే అధ్యాయంలో ప్రవక్తల శ్రమనూ, యోబు సహనాన్నీ మాదిరిగా చూపించాడు. ఆ రెండూ కలిపి చదవాలని నా మనవి. నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అన్న సిలువ మాట మీద ఏటేటా శుభ శుక్రవారం నాడు మనం ప్రసంగాలు వింటూనే ఉన్నాం, దానివల్ల ఎవరూ తొట్రిల్లలేదు.

మా ప్రాంత చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను ఎంతకాలమైనా ఎదగకపోవడంతో, 1853లో దానిని మూసివేయాలా అన్న చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జూవెట్ దంపతులు, తెలుగు విశ్వాసులైన నర్సు, జూలియా, రూతులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర కాపురం ఒంగోలుకు మారింది 1866లో. ఆ మధ్యకాలమంతా వారికి కంటికి కనిపించిన ఫలం బహు స్వల్పం.

తరువాత 1876–78 నాటి మహాకరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని చూపించాడు. కూలీలలో ఎంతోమంది బాప్తిస్మం అడిగినా, కరువు సహాయం సాగుతున్నంతకాలం ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదన్నది ఆయన ఉద్దేశం. కరువు పని ఆగాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభల్లో ఈ సంఖ్యనే పదేపదే చెబుతుంటారు. నా మట్టుకు నాకు, అంతకుముందు ఆయన కాదన్నదే పెద్ద సంగతి. ఆ వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఆకలినీ, అయినవారి చావులనూ కళ్లారా చూసి వచ్చినవారు. నమ్ముకుంటే కష్టం రాదన్న మాట వారి దగ్గర నిలిచేది కాదు. కొత్త విశ్వాసిని తొట్రిల్లజేసేది పక్కవారి కన్నీరు కాదు, దేవుని పేరు మీద ఎవరో ఇచ్చి నిలబెట్టుకోలేని మాట. దర్శనం చెప్పి వెళ్లినవారు తిరిగి ఆ ఇంటికి రావాలి, ఆమెను క్షమాపణ అడగాలి. ఆ పని సంఘ కాపరులే చేయించగలరు.

జవాబు: స్టాఫ్ నర్సు

నేను డయాలసిస్ విభాగంలో పనిచేస్తున్నాను. భర్త పోయిన తరువాత ఆ ఇల్లాలికి మిగిలేవి అప్పులు, ఆసుపత్రి కాగితాల కట్ట, ఎప్పటికీ తీరని అలసట. ఆదరణ కూడిక జరిగిన రోజు ఇల్లు జనంతో నిండిపోతుంది. ఆ మరుసటి వారం ఎవరూ ఉండరు. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకున్నారా, వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టారా, పిల్లవాడి బడి ఫీజు సంగతేమిటి అని కనుక్కోండి. సచివాలయానికి ఆమె ఒక్కతే తిరగకుండా ఎవరైనా తోడు వెళ్లాలి. ఆరాధనకు వస్తే వెనుక వరుసలో మీరు పక్కన కూర్చోండి. సాక్ష్యాల సమయంలో ఆమె లేచి బయటికి వెళ్తే మీరూ వెళ్లండి, కారణం అడగకండి. పిల్లవాడి ప్రశ్నకు జవాబు తెలియదని చెప్పడం తప్పు కాదు. మా వార్డులో నేను అలాగే చెబుతాను, వాళ్లతో కలిసి ప్రార్థన కూడా చేస్తాను.

ప్రశ్న అడిగిన సహోదరి

అందరికీ హృదయపూర్వక వందనములు. 88వ కీర్తన చదివించి, యిర్మీయా పొలం సంగతి చెబుతాను. పింఛను దరఖాస్తు ఇంకా పెట్టలేదట, సోమవారం నేను తోడు వెళ్తున్నాను. దర్శనం చెప్పినవారి విషయం మా పాస్టరుగారితో మాట్లాడాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, తానే వారిని పిలిపిస్తానన్నారు. ఇంకొక్క మాట: బాబు కూడా తల్లితో వస్తానంటున్నాడు. యిర్మీయాను ఐగుప్తుకు తీసుకుపోయిన సంగతి అంత చిన్నవాడి ముందు చెప్పవచ్చునా?

జవాబు: సండేస్కూల్ బోధకుడు, గుంటూరు

చెప్పండమ్మా. సగం కథే చెబితే మిగతా సగం వాడు ఎప్పుడో ఒకప్పుడు చదువుకుంటాడు, పెద్దవాళ్లు తన దగ్గర దాచారని బాధపడతాడు. 37 నుంచి 43 వరకు అధ్యాయాలు మీరు ముందుగా ఒకసారి చదివి ఉంచుకోండి. గోతిలో దించిన ప్రవక్తను పాత గుడ్డపేలికలు చంకల కింద పెట్టించి, తాళ్లతో పైకి లాగించిన కూషీయుడు ఎబెద్మెలెకు కథ 38వ అధ్యాయంలో ఉంది; పిల్లలు దాన్ని చాలా ఇష్టంగా వింటారు. కూడిక అయ్యాక వాడు ఏమి అడిగాడో ఇక్కడ రాయండి.